‘మా అమ్మాయి ఏం చదువుతోందో బంధువులకు చెప్పలేకపోతున్నా’

ఖమ్మం నుంచి ఒక నాన్నగారు రాశారు. అమ్మాయికి ఎమ్మెస్సీ ఫిజిక్స్ అయింది, పరిశోధనకిచ్చే ఫెలోషిప్ జేఆర్ఎఫ్ కూడా వచ్చింది. కణాలు విరిగేటప్పుడు ప్రోటాన్ ఉత్తేజిత స్థితులు వెతకడం మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. ఆరు నెలల డేటా సైన్స్ కోర్సులో చేరమంటే ఏడుస్తోంది. రెండిట్లో ఏది మేలు?

సార్, సబ్జెక్టు పేరు మారుతుందంతే, ఈ ప్రశ్న నాకు నెలకోసారైనా వస్తుంది. మీ అసలు బెంగ ఉద్యోగం కాదు, పెళ్లిళ్లలో ఎవరైనా అడిగితే ఏం చెప్పాలా అని. ఇలా చెప్పండి. ప్రోటాన్‌కి అదనంగా శక్తి అందితే కాస్త బరువైన రూపంలోకి వెళ్లి వెంటనే విరిగిపోతుంది, ఆ ముక్కల లెక్క కూడితే గ్రాఫులో ఒక మిట్ట తేలుతుంది. మా అమ్మాయి వెతికేది ఆ మిట్టనే అనండి. ఒక్కో స్థితికి దాని బరువే పేరు, ఎంఈవీ అనే కొలతలో. 1964లో రోపర్ అనే ఆయన పట్టుకున్న 1440 స్థితి ఇప్పటికీ తలనొప్పే, ప్రోటాన్ లోపలుండే క్వార్కులతో వేసే మామూలు లెక్క ప్రకారం అది 1535 కంటే బరువుండాలి, తేలిగ్గా ఉంది! లెక్కలో ఉండి ఇంకా దొరకనివి బోలెడు. బీజింగ్‌లోని బెస్-3 ప్రయోగం ఇప్పటికి వెయ్యి కోట్ల జే/సై అనే, పుట్టగానే విరిగిపోయే బరువైన కణాలు పోగేసింది. అవి ప్రోటాన్, యాంటీప్రోటాన్, పయాన్ అనే తేలిక కణంగా విరిగినప్పుడు, ప్రోటాన్‌కి బంధువులైన డెల్టా కణాలు మధ్యలో దూరే గొడవ పెద్దగా ఉండదు కాబట్టి వెతకడం సులువు. 2013లో ఆ బృందమే జే/సైకి అన్నలాంటి సై(3686) కణం విరిగే తీరు చూసి 2300, 2570 అనే రెండు కొత్త స్థితులు చూపించింది. ఐఐటీ మద్రాస్ కూడా ఆ బృందంలో ఉంది.

ఒకదాని మీద ఒకటి పడ్డ మిట్టల్ని విడదీయడానికి ఆమె సీ++, పైథాన్, స్టాటిస్టిక్స్‌తో ఏళ్ల తరబడి కుస్తీ పడాలి. అది డేటా సైన్స్ కాక మరేమిటండీ? మీరు చెప్పే కోర్సు మీద నాకు నమ్మకం తగ్గుతోంది. ఒకప్పుడు నేనే చాలామందిని పంపాను, ఇప్పుడు వాళ్లలో కొందరు అదే సర్టిఫికెట్ పట్టుకుని మళ్లీ నా దగ్గరికే వస్తున్నారు, ఒకటే ప్రాజెక్టు అందరి రెజ్యూమెలోనూ. అయినా జేఆర్ఎఫ్ తెచ్చుకున్న పిల్లని ఏడిపించడమేంటి? నెలకి 37,000 ఫెలోషిప్ వస్తుంది, మీ మీద భారం కూడా కాదు.

పోలిక అడిగారు గానీ నేనొక పక్షమే మాట్లాడానని తెలుసు. పీహెచ్‌డీకి ఐదారేళ్లు పట్టొచ్చు, పర్మనెంట్ ప్రొఫెసర్ పోస్టులు తక్కువ, ఇది దాచను. అందుకే చేరే ముందు ఆ గైడ్ దగ్గర చేసినవాళ్లు ఇప్పుడెక్కడ ఉన్నారో ఫోన్ చేసి కనుక్కోవాలి. ఆ ఫోన్ అమ్మాయే చేయాలి, మీరు కాదు.