నాన్న లేరు, డీఎన్ఏ టెస్ట్ ఎవరితో చేయించాలి?

ప్రశ్న: మా నాన్న పోయి చాలా ఏళ్లయింది. అమ్మా ఆయనా పెళ్లి చేసుకోలేదు. ఇప్పుడు ఆస్తి దగ్గరికొచ్చేసరికి వాళ్లవైపు వాళ్లు అసలు నేను ఆయన కూతుర్నే కాదంటున్నారు. దహనం చేసేశారు, నా దగ్గర ఆయన దువ్వెన, షేవింగ్ రేజర్ ఉన్నాయి. బాబాయి ఒక్కడే శాంపిల్ ఇస్తానంటున్నాడు. నాన్నమ్మ ఉంది గానీ ఈ వయసులో ఆవిడ్ని ఇందులోకి లాగడం ఇష్టం లేదు. దువ్వెనతోనో బాబాయితోనో పనైపోతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: కష్టమేనండీ. దువ్వెనకి చిక్కుకునేవి చాలావరకు వాటంతటవే రాలిన వెంట్రుకలు, కుదుళ్లు సరిగ్గా ఉండవు, అలాంటి వాటిలో దొరికేది ఎక్కువగా మైటోకాండ్రియా డీఎన్ఏ, అదేమో తల్లి నుంచే వస్తుంది కాబట్టి మీకూ ఆయనకీ లింకు చూపించదు. రేజర్ మీద చర్మకణాలు దొరకొచ్చు, కానీ అది ఆయనే వాడాడని నిరూపించేదెవరు? అవతలి లాయర్ ముందు పట్టుకునేది అదే. బూడిద మీద ఆశ పెట్టుకోకండి, ఆ వేడికి పనికొచ్చే డీఎన్ఏ మిగలదు. ఖననం చేసుంటే వేరు, చిత్రకారుడు సాల్వడార్ డాలీ 1989లో పోతే, కూతుర్నంటూ ఒకావిడ కేసేస్తే 2017లో సమాధి తవ్వి జుట్టు, గోళ్లు, ఎముకలు తీసి మరీ టెస్ట్ చేశారు (ఆయన తండ్రి కాదని తేలింది, అది వేరే సంగతి).

ఇక బాబాయి. మీరు మగపిల్లాడైతే ఆయన బాగా పనికొచ్చేవాడు, వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కి దాదాపు మార్పు లేకుండా వస్తుంది, అమెరికా అధ్యక్షుడిగా చేసిన థామస్ జెఫర్సన్ ఒక బానిస మహిళ పిల్లలకి తండ్రా కాదా అన్న విషయంలో 1998లో ఆయన పెదనాన్న వంశంలోని మగవాళ్లతోనే పోల్చి చూశారు. మీకు వై లేదు, ఆ దారి మూసుకుపోయినట్టే. బాబాయికీ అన్న కూతురికీ డీఎన్ఏ సగటున 25 శాతం కలుస్తుంది, ఒక్కరితోనే పోలిస్తే రిపోర్ట్ చాలాసార్లు అటూ ఇటూ కాకుండా వస్తుంది.

మీరు వద్దంటున్న నాన్నమ్మే ఇక్కడ అసలు మనిషి. మగవాడికి ఎక్స్ క్రోమోజోమ్ ఒక్కటే, అది వాళ్లమ్మ ఇచ్చింది, అదే ఎక్స్‌ని ఆయన కూతురికి ఇస్తాడు. అంటే ఆయన మీ నాన్నే అయితే మీ రెండు ఎక్స్‌లలో ఒకటి నాన్నమ్మ దగ్గర్నుంచి వచ్చిందే. ల్యాబ్‌లో ఒక మార్కర్ దగ్గర, అంటే ఎక్స్ మీద ఒక చిన్న ముక్క వరసగా రిపీటయ్యే చోట, ఆవిడ రెండు ఎక్స్‌లకీ 12, 15 సార్లు అని వచ్చిందనుకోండి, మీకు 12 గానీ 15 గానీ ఉండి తీరాలి, అలా చాలా మార్కర్లు చూస్తారు. అమ్మ శాంపిల్ కూడా ఇవ్వండి, అమ్మ నుంచి వచ్చిందేదో తీసేస్తే తండ్రివైపుది విడిగా కనిపిస్తుంది. ఎక్కడో ఒకచోట తేడా వస్తే మ్యుటేషన్ (డీఎన్ఏలో దానంతటదే వచ్చిన మార్పు) అనుకోవచ్చు, చాలాచోట్ల కలవకపోతే మాత్రం కాదనే అర్థం. అన్నీ కలిస్తే ఆవిడ కొడుకుల్లో ఒకరు మీ నాన్న అని బలంగా చెప్పొచ్చు, ఏ కొడుకో ఈ ఎక్స్ టెస్ట్ ఒక్కటే చెప్పదు, బాబాయి శాంపిల్ పనికొచ్చేది అక్కడే, తండ్రి తను కాదని తేల్చడానికి.

మీ నాన్నకి ఎప్పుడైనా బయాప్సీ (పరీక్ష కోసం ఒంట్లోంచి చిన్న ముక్క తీయడం) చేశారేమో కూడా కనుక్కోండి, ఆ ముక్కల్ని మైనం దిమ్మల్లో పెట్టి హాస్పిటళ్లు ఏళ్ల తరబడి దాస్తాయి, దొరికితే నేరుగా ఆయన డీఎన్ఏనే.

నాన్నమ్మకి సూది కూడా అక్కర్లేదు, బుగ్గ లోపల దూదిపుల్లతో రుద్దుతారు అంతే. మీకు మొహమాటమైతే బాబాయితో అడిగించండి, ఆవిడ ఒప్పుకుంటేనే. కేసు ఎప్పుడేసినా శాంపిల్ మాత్రం ఇప్పుడే ఇప్పించండి, అదీ గుర్తింపు కార్డులు చూసి, సంతకాలు పెట్టించి, సీలు వేసే ల్యాబ్‌లో. ఇంటికి తెప్పించుకునే కిట్లతో చేస్తే కోర్టులో మళ్లీ మొదటికొస్తుంది.