తనను తాను బాగుచేసుకునే చిప్ నిజంగా ఉందా?

ప్రశ్న: నమస్తే సార్. నిరుడు నాన్నకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. రోజూ చపాతీ పిండి పిసికిస్తూ, దండెం మీద క్లిప్పులు పెట్టించి తీయిస్తూ ఉంటే, ఎనిమిది నెలలకి అన్నం తనే కలుపుకుంటున్నారు. పోయిన కణాలు తిరిగి రావని, మిగిలినవే ఆ పని నేర్చుకుంటాయని ఫిజియోథెరపిస్టు చెప్పారు. మెదడులా పనిచేసే చిప్‌లు కూడా చెడిపోతే తమను తామే బాగుచేసుకుంటాయని చదివాను. నిజమేనా? ఎలా?
– ఒక డిగ్రీ విద్యార్థిని, తెనాలి

జవాబు: అన్నం తనే కలుపుకుంటున్నారన్న మాట దగ్గర ఆగి, మళ్లీ చదువుకున్నానమ్మా. చాలా సంతోషం. ఆ అభ్యాసం మాత్రం ఆపకండి.

చిప్ సంగతి నిజమే. కాకపోతే బాగుచేసుకోవడమంటే మనం అనుకునే రిపేరు కాదు. పాలిటెక్నిక్‌లో ముప్ఫై ఏళ్లు ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూశాను. బోర్డు మొరాయిస్తే భూతద్దం పెట్టి వెతికేవాళ్లం. బోర్డు మీది విడిభాగం కాలు చుట్టూ టంకంలో వెంట్రుకంత పగులు, సన్నటి నల్ల రింగులా కనబడేది. డ్రై సోల్డర్. మళ్లీ టంకం వేస్తే బోర్డు లేచి కూర్చునేది. చిప్ లోపలికి సోల్డరింగ్ ఐరన్ వెళ్లదు కదా! అక్కడ పోయింది పోయినట్టే. మిగిలినవాటితో పని నడిపించాలి.

ఈ దారిలో నాకు బాగా నచ్చింది ఉత్తర ఐర్లాండ్‌లోని అల్స్టర్ విశ్వవిద్యాలయం, ఇంగ్లండ్‌లోని యార్క్ విశ్వవిద్యాలయం కలిసి చేసిన 'స్పానర్' ప్రాజెక్టు. వాళ్లు న్యూరాన్లను, అంటే మెదడులోని నాడీకణాలను, అనుకరించడం దగ్గరే ఆగలేదు. వాటి పక్కనుండే ఆస్ట్రోసైట్ అనే నక్షత్రాకారపు కణాలను పట్టించుకున్నారు. వీటి జాతి పేరు గ్లియా, గ్రీకులో జిగురు అని అర్థం. న్యూరాన్లను పట్టి ఉంచడం తప్ప వీటికి పెద్ద పనేమీ లేదని చాలాకాలం అనుకున్నారు.

పెళ్లి బంతి ఊహించుకోండి. విస్తరి ముందు కూర్చున్నది న్యూరాన్. వడ్డించేవాళ్లు సినాప్సులు, అంటే ఒక న్యూరాన్ నుంచి ఇంకో న్యూరాన్‌కి సంకేతాలు అందించే చోట్లు. కడుపు నిండుతున్న కొద్దీ న్యూరాన్ "చాలు చాలు" అని చెయ్యి అడ్డం పెడుతుంది. ఇది నిజంగానే వెనక్కి వెళ్లే ఒక రసాయన సంకేతం. ఆస్ట్రోసైట్ పెళ్లింటి పెద్దాయన. బంతిలో అందరూ బాగా తింటుంటే ఆయనకి ఉత్సాహం, "ఇంకా వెయ్యండి" అంటూనే ఉంటాడు. ఇప్పుడు వడ్డించేవాళ్లలో ముగ్గురు జారుకున్నారనుకుందాం. ఆ విస్తరికి తక్కువ పడుతుంది, "చాలు" అనే మాట తగ్గిపోతుంది. పక్క విస్తళ్ల హుషారు వల్ల పెద్దాయన కేక మాత్రం తగ్గదు. దాంతో మిగిలిన వడ్డనవాళ్లు జోరు పెంచుతారు. 2012లో అల్స్టర్ పరిశోధకులు కంప్యూటర్ నమూనాలో చూపించింది ఇదే. ఎక్కడ చెడిందో వెతికే మేనేజరు ఎవరూ లేరు, చూడండి! నాకు అది అపురూపంగా అనిపిస్తుంది.

తర్వాత దీన్ని ఎఫ్‌పీజీఏ మీదికి, అంటే సర్క్యూట్‌ని మళ్లీ మళ్లీ మార్చి రాసుకోగల చిప్ మీదికి తెచ్చారు. 2016లో ఒక చిన్న రోబో కారును దీనితో నడిపించారు.

వడ్డించేవాళ్లు ఒక్కరూ మిగలకపోతే పెద్దాయన ఎంత అరిచినా లాభం లేదు. పైగా ఆ పెద్దాయనకీ చిప్‌లో చోటు కావాలి, కరెంటు కావాలి. అంతరిక్షంలా మనిషి చెయ్యి అందని చోట ఆ ఖర్చు దండగ కాదు.

మీరు ఏ గ్రూపో రాయలేదు. ఎలక్ట్రానిక్స్ అయితే కాలేజీ ల్యాబ్‌లో ఎఫ్‌పీజీఏ బోర్డు ఉందేమో అడగండి. రెండు న్యూరాన్లు, ఒక ఆస్ట్రోసైట్‌తో మొదలుపెట్టి, సినాప్సులు ఒక్కొక్కటే తీసేస్తూ చూడండి. ఏమైందో నాకు రాయండి.