ఒకే సెట్‌లో తీసిన అంతరిక్ష ఎపిసోడ్ విసుగ్గా ఉంటే

అంతరిక్ష నౌకలోని ఒకే గదిలో తీసిన మీ ఎపిసోడ్ సాగదీసినట్లు అనిపించడానికి కారణం ఆ ఒకే గది కాదు, ప్రమాదాన్ని నౌక బయట పెట్టడం. దాన్ని చూపించడానికి డబ్బు లేదు కాబట్టి పాత్రలు దాని గురించి మాట్లాడుతూనే ఉన్నాయి.

1. 1964 ఫిబ్రవరిలో బీబీసీ ప్రసారం చేసిన సైన్స్ ఫిక్షన్ టీవీ సీరియల్ 'డాక్టర్ హూ'లోని కథ 'ది ఎడ్జ్ ఆఫ్ డిస్ట్రక్షన్' చూడండి. రెండు భాగాలు, నౌక లోపలి సెట్, నలుగురు ప్రధాన నటులు, అంతే.

2. చాలామంది వదిలేసేది ఇదే: అనుమానం పాత్రల మధ్యే పుట్టాలి. ఆ కథలో ప్రధాన పాత్ర అయిన 'డాక్టర్' తోటి ప్రయాణికులనే నిందిస్తాడు. అసలు కారణం స్విచ్‌లో ఇరుక్కున్న చిన్న స్ప్రింగు! నాకు ఎంతో ఇష్టమైన పరిష్కారం అది.

3. ముందు మీ సెట్‌లో ఉన్న వస్తువుల జాబితా రాయండి. వాటిలో ఒకదాన్ని దోషిగా ఎంచుకోండి. సంభాషణలు ఆ తర్వాతే.

4. ఆ వస్తువును మొదటి సన్నివేశంలోనే ఒకసారి చూపించండి.