ఒంటె పొక్కుల వెనుక ఉన్న వైరస్‌ను చదవాలంటే ఏ దారి?

ప్రశ్న: మాది చంద్రపూర్ జిల్లా రాజురా. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. మా అమ్మాయి పన్నెండో తరగతి బయాలజీ చదువుతోంది. గొర్రెల మందలతో మా వైపు వచ్చే రబారీల ఒంటెల మూతుల మీద పొక్కులు చూసినప్పటి నుంచి, వాటికి కారణమైన వైరస్‌ల జన్యువులను చదువుతానని పట్టుబడుతోంది. నీట్‌లో ఎంబీబీఎస్‌కు సరిపడా మార్కులు రాకపోవచ్చు. బీఎస్సీ బయోటెక్నాలజీలో చేర్చాలా, పశువైద్యానికి ప్రయత్నించాలా? ఒంటెలే లేని మా జిల్లా పిల్లకు ఈ చదువుతో ఉద్యోగం దొరుకుతుందా? ఆ వైరస్‌ల వల్ల ఆమెకు ప్రమాదమేమైనా ఉందా?

జవాబు: ముందుగా మీ అమ్మాయి అడుగుతున్న చదువు ఏమిటో మీకు స్పష్టంగా తెలియాలి, అది తెలిస్తే ఏ కోర్సులో చేర్చాలన్నది సగం తేలిపోతుంది. ఒంటె మూతి మీద కనిపించే పొక్కులకు ప్రధానంగా మూడు రకాల వైరస్‌లు కారణమవుతాయి. మొదటిది ఒంటె మశూచి వైరస్. రెండోది గొర్రెలకు, మేకలకు మూతిపుండ్లు తెచ్చే వైరస్‌కు దగ్గరి బంధువైన పారాపాక్స్ వైరస్. మూడోది పులిపిర్లు పుట్టించే పాపిల్లోమా వైరస్. మూడూ ఎక్కువగా లేత వయసు ఒంటెలనే పట్టుకుంటాయి, పెదవుల దగ్గర, ముక్కుపుటాల దగ్గర కనిపిస్తాయి. అందువల్ల తొలిదశలో అనుభవం ఉన్న పశువైద్యుడు కూడా చూపుతోనే కచ్చితంగా తేల్చి చెప్పలేకపోవచ్చు. ఎండిన పక్కులోంచి డీఎన్ఏ తీసి, పీసీఆర్ పద్ధతిలో (కావలసిన జన్యు ముక్కకు ఎన్నో ప్రతులు తయారుచేసే పద్ధతి) ఆయా వైరస్‌లకే ప్రత్యేకమైన జన్యువు ఉందో లేదో చూసి, ఆ జన్యువులోని అక్షరాల వరుసను చదివి, ఇంతకు ముందు ప్రపంచంలో దొరికిన వైరస్‌ల వరుసలతో పోల్చినప్పుడు మాత్రమే అసలు దోషి ఎవరో తెలుస్తుంది. మశూచి అనుమానం ఉంటే ఏటీఐ, సీ18ఎల్ వంటి జన్యువులను, పారాపాక్స్ అనుమానం ఉంటే బీ2ఎల్ జన్యువును వెతుకుతారు.

ఇది ప్రయోగశాలకే పరిమితమైన ఆసక్తి కాదు. గొర్రెలతో కలిసి నడిచే ఒంటెకు మూతిపుండ్లు వస్తే, అవి గొర్రెల నుంచే అంటుకున్నాయని మందల కాపరి అనుకోవడం సహజం. కానీ మన దేశపు ఒంటెల నుంచి తీసిన పారాపాక్స్ నమూనాల్లో బీ2ఎల్ జన్యువును చదివి చూసినప్పుడు, అది గొర్రెల వైరస్ కంటే ఆవుల్లో కనిపించే సూడోకౌపాక్స్ వైరస్‌కు దగ్గరగా ఉన్నట్లు తేలింది. ఏ జంతువును వేరుగా కట్టాలి, ఏ టీకా పనికొస్తుంది అన్న నిర్ణయాలు ఇలాంటి ఫలితాల మీదే ఆధారపడతాయి. మశూచికి చేసిన టీకా పారాపాక్స్‌ను ఆపదు. కాపరికి పాలూ రవాణా రెండూ ఆ ఒంటెలతోనే గడుస్తాయి కనుక, తప్పుగా గుర్తించిన జబ్బు అతని సంవత్సరపు రాబడిని దెబ్బతీయగలదు.

ఒంటె మశూచి మీద ప్రపంచవ్యాప్తంగా శ్రద్ధ ఉండడానికి మరో కారణం ఉంది. దాని పూర్తి జన్యుక్రమాన్ని 2002లో ప్రచురించారు. సుమారు 2,05,000 అక్షరాల జతలున్న ఆ క్రమం, మనుషులను శతాబ్దాల పాటు బలి తీసుకుని 1980లో నిర్మూలన అయినట్లు ప్రకటించిన మశూచి వైరస్‌కు అత్యంత సమీపంగా ఉన్నట్లు కనబడింది. 2009లో వాయవ్య భారతంలో ఒంటెలను సాకే ముగ్గురి చేతుల మీద వచ్చిన పొక్కులు ఒంటె మశూచి వల్లనేనని ప్రయోగశాలలో నిర్ధారించారు. జంతువు నుంచి మనిషికి దాటగల వైరస్ ఎక్కడ ఎలా మారుతోందో గమనించేవారు దేశానికి ఎప్పుడూ అవసరం.

అయితే ఉద్యోగం విషయంలో మీ సందేహం న్యాయమైనదే. 2012 పశుగణనలో సుమారు 4 లక్షలున్న ఒంటెలు 2019 నాటికి సుమారు 2.5 లక్షలకు తగ్గాయి. ఒంటెల కోసమే ఉన్న జాతీయ పరిశోధన సంస్థ 1984 నుంచి బికనీర్‌లో పనిచేస్తోంది, కానీ ఒకే సంస్థలో ఖాళీ కోసం ఎదురుచూస్తూ జీవితాన్ని ప్రణాళిక వేసుకోకూడదు. నా సలహా ఏమిటంటే, మీ అమ్మాయి ఒంటెను కాకుండా పాక్స్ వైరస్‌ల (మశూచి, పారాపాక్స్‌ల వంటి వైరస్‌ల) కుటుంబాన్ని తన రంగంగా ఎంచుకోవాలి. గొర్రె మశూచి, మేక మశూచి, మీ ఊళ్లో పశువులున్న ప్రతి ఇంటికీ తెలిసిన లంపీ చర్మవ్యాధి, అన్నీ ఆ కుటుంబానివే. లంపీ మన దేశంలో మొదట 2019లో ఒడిశాలో బయటపడింది, 2022లో రాజస్థాన్, గుజరాత్‌లతో పాటు మహారాష్ట్రలోనూ పశువులను పెద్ద ఎత్తున చంపింది. అదే ఏడాది హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం, ఇజ్జత్‌నగర్‌లోని భారత పశువైద్య పరిశోధన సంస్థ (ఐవీఆర్ఐ)తో కలిసి, రాంచీ పశువుల నుంచి తీసిన వైరస్‌ను బలహీనపరచి లంపీ ప్రోవాక్ఇండ్ టీకాను రూపొందించింది. ఒంటెలకూ లంపీ వైరస్ సోకుతోందనడానికి ఆధారాలను మన శాస్త్రవేత్తలే 2023లో ప్రచురించారు. ఒక వైరస్ మీద నేర్చుకున్న పద్ధతి మిగతా వాటికీ పనికొస్తుంది కనుక, ఇలా చదివిన వ్యక్తికి బికనీర్‌లోనే కాదు, హిసార్‌లో, ఇజ్జత్‌నగర్‌లో, భోపాల్‌లోని అధిక భద్రత గల పశువ్యాధుల ప్రయోగశాలలో, టీకాల కంపెనీల్లో కూడా చోటు ఉంటుంది.

ఇక కోర్సు. రెండు దారులూ ఈ రంగానికి చేరతాయి, కానీ నేను పశువైద్యాన్నే గట్టిగా సిఫారసు చేస్తాను. పశువైద్య పట్టా అయిన బీవీఎస్సీ అండ్ ఏహెచ్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ల కోర్సు. ప్రవేశం నీట్ మార్కుల మీదే ఉంటుంది, కటాఫ్ ఎంబీబీఎస్ కంటే తక్కువగానే ఉంటుంది. మీకు దగ్గరలోనే నాగ్‌పూర్ పశువైద్య కళాశాల ఉంది; పర్భణీ, ఉద్గీర్‌లలోని కళాశాలలు కూడా నాగ్‌పూర్ కేంద్రంగా ఉన్న మహారాష్ట్ర పశు, మత్స్య విజ్ఞాన విశ్వవిద్యాలయం కిందివే. ఆ తరువాత వెటర్నరీ మైక్రోబయాలజీలో గాని, యానిమల్ బయోటెక్నాలజీలో గాని ఎంవీఎస్సీ, ఆపై పీహెచ్‌డీ చేయవచ్చు. ఈ దారిలో ఒక భరోసా ఉంది: పరిశోధన మధ్యలో ఆగిపోయినా, మహారాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల నియామక సంస్థ ఎంపీఎస్సీ ద్వారా పశుధన్ వికాస్ అధికారి (ప్రభుత్వ పశువైద్యుడు) ఉద్యోగానికి పోటీపడవచ్చు. అంతకంటే ముఖ్యంగా, జబ్బుపడిన జంతువును పరీక్షించి, ఏ పక్కును ఏ రోజు తీయాలో నిర్ణయించే శిక్షణ ఆమెకు ఉంటుంది. నమూనా సరిగా లేకపోతే జన్యు అక్షరాల వరుసను చదివే ఎంత ఖరీదైన సీక్వెన్సింగ్ యంత్రమూ సరైన జవాబు ఇవ్వలేదు.

బీఎస్సీ దారి తక్కువది కాదు, కానీ దానిలో ఎంపిక జాగ్రత్తగా చేయాలి. ప్రయోగశాల పేరుకే ఉన్న కళాశాలలో బయోటెక్నాలజీ చదవడం కంటే, మంచి కళాశాలలో మైక్రోబయాలజీ, రసాయనశాస్త్రం చదివి, బయోటెక్నాలజీ పీజీ ప్రవేశ పరీక్ష జీఏటీ-బీ రాసి మంచి విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీకి వెళ్లడం మేలు. తరువాత జాతీయ అర్హత పరీక్షలైన నెట్ గాని, బీఈటీ గాని గెలిచి జేఆర్ఎఫ్ (పీహెచ్‌డీ చేసేవారికిచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) పొందితే, 2023 నుంచి అమల్లో ఉన్న రేటు ప్రకారం నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ వస్తుంది. కానీ భారత వ్యవసాయ పరిశోధన మండలి నియామకాల్లో వెటర్నరీ మైక్రోబయాలజీ వంటి విభాగాలకు పశువైద్య పట్టా అడుగుతారని గుర్తుంచుకోండి. అందుకే నీట్‌లో ఈసారి పశువైద్య సీటు కొద్దిలో తప్పినా, ఇంకో ఏడాది ప్రయత్నించడం వృథా కాదని నా అభిప్రాయం.

ప్రమాదం గురించి అడిగారు. ఒంటె మశూచి మనిషికి సోకడం అరుదు, సోకిన కేసుల్లో చేతుల మీద పొక్కులకే పరిమితమైంది. పారాపాక్స్ కూడా తాకినవారి వేళ్లకు పుండ్లు తేగలదు. ప్రయోగశాలలో చేతి తొడుగులు, భద్రతా క్యాబినెట్, శిక్షణ ఉంటాయి. అసలు జాగ్రత్త ఇప్పుడే అవసరం. రబారీల ఒంటెలను చూడవచ్చు, కాపరులతో మాట్లాడి ఎప్పుడు మొదలైంది, ఎన్నింటికి వచ్చింది అని రాసుకోవచ్చు, కానీ పొక్కులను చేతితో తాకవద్దనీ, పక్కులు సొంతంగా పోగుచేయవద్దనీ ఆమెకు కచ్చితంగా చెప్పండి. ఎండిన పక్కులో వైరస్ చాలా కాలం నిలిచి ఉంటుంది. పరిశోధకులకు సౌకర్యమైన ఆ గుణమే జాగ్రత్త లేనివారికి హాని చేస్తుంది. అలాంటి జంతువు కనిపిస్తే దగ్గరలోని పశువైద్యశాలకు తెలియజేయడమే ఆమె చేయదగిన పని.

ఇంట్లో కూర్చుని నేర్చుకోదగినది మాత్రం చాలా ఉంది. జన్యువుల వరుసలను భద్రపరిచే ఆన్‌లైన్ నిధి జెన్‌బ్యాంక్‌లో ఒంటె పారాపాక్స్, గొర్రెల మూతిపుండ్ల వైరస్, సూడోకౌపాక్స్‌ల బీ2ఎల్ వరుసలు ఉచితంగా దొరుకుతాయి. వాటిని దించుకుని, ఉచితంగా లభించే మెగా సాఫ్ట్‌వేర్‌లో పోల్చి, వంశవృక్షం గీయడం నీట్ పరీక్ష అయిపోయాక సెలవుల్లో ఆమె నేర్చుకోగలదు. ఏ వైరస్ ఏ కొమ్మ మీద కూర్చుందో తానే చూసుకున్నాక ఈ ఆసక్తి నిలిచేదో కాదో మీకూ ఆమెకూ తెలిసిపోతుంది.

చివరిగా ఒక ఆచరణ విషయం. మీ వైపు తెలుగు కుటుంబాలు పిల్లలను పదకొండు, పన్నెండు తరగతులకు మంచిర్యాల, కరీంనగర్, హైదరాబాద్ పంపడం చూస్తుంటాను. మహారాష్ట్ర కోటా సీట్లకు డొమిసైల్ (స్థానిక నివాస) ధ్రువపత్రంతో పాటు, పదో తరగతి, పన్నెండో తరగతి ఎక్కడ పాసయ్యారన్నది కూడా సాధారణంగా చూస్తారు. మీ అమ్మాయి రాజురాలోనే చదువుతుంటే ఆ చిక్కు లేదు. లేకపోతే ఈ ఏటి ప్రవేశాల సమాచార పుస్తకంలోని అర్హతల భాగాన్ని ముందే చదవండి. డొమిసైల్ పత్రానికి తహసీల్ కార్యాలయంలో ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. అఖిల భారత 15 శాతం సీట్లకు వేరే కౌన్సెలింగ్ జరుగుతుంది కనుక, దానికీ విడిగా నమోదు చేయించండి.