బాపట్ల వెళ్తున్న బుజ్జికి, బాబాయ్ రాసేది

బుజ్జీ,
బాపట్ల అగ్రికల్చర్ కాలేజీలో సీటొచ్చిందని నాన్న ఫోన్ చేశాడు, భలే సంతోషమేసింది. వెనకాల మీ అమ్మ "ఎంబీబీఎస్ రాలేదుగా, ఏదో ఒకటిలే" అనడం కూడా వినపడిందనుకో. వదినతో నేను మాట్లాడతాలే గానీ నువ్వు మాత్రం ఆ మాట హాస్టల్‌కి మోసుకుపోకు. మా బ్యాచ్‌లో చాలామంది అట్టా వచ్చినవాళ్ళమే, ఫస్టియరంతా మళ్ళీ ఎంట్రన్స్ రాద్దామా వద్దా అని ఊగిసలాడి ఇటు చదువూ పాడుచేసుకున్నాం అటు సీటూ రాలా. రాయాలనుంటే ఒక్కసారి రాసెయ్, తర్వాత ఆ పుస్తకాలు ఎవరికైనా ఇచ్చెయ్.

1945లో పెట్టిన కాలేజీ అది. మీ ఇంట్లో వండే బీపీటీ బియ్యంలో బీపీటీ అంటే బాపట్లే, అందులో 5204 రకం, అదే సాంబమసూరి, 1986లో విడుదలైంది, అప్పుడు మేం అక్కడే చదువుతున్నాం. అంత పెద్ద సంగతి పక్కనే జరుగుతుంటే మేం సైకిళ్ళేసుకుని సూర్యలంక బీచ్‌కి పోయేవాళ్ళం. నువ్వు బీచ్‌కీ పో, వద్దన్ను, కానీ వారానికోసారైనా పొద్దున్నే పంటల ప్రయోగాలు చేసే ప్లాట్లలో తిరుగు, అక్కడ పనిచేసే కూలీలతో మాట్లాడు, ఏ మడిలో ఏ రకం ఎట్టా ఉందో వాళ్ళు చెప్పినంత వివరంగా ఎవరూ చెప్పరు.

ఎంటమాలజీలో పురుగుల బాక్స్ చెయ్యమంటారు. సీనియర్లు పాతబాక్సులు ఇస్తామంటారు, తీసుకోకు. రాత్రి లైట్ కింద నువ్వే పట్టి, నువ్వే పిన్ను గుచ్చి, నాఫ్తలీన్ ఉండలేసి పెట్టుకో. ఎందుకు చెప్తున్నానంటే, నేను సీనియర్ బాక్సే పెట్టి మార్కులు తెచ్చుకున్నా, ఉద్యోగంలో చేరిన కొత్తలో దాని ఫలితం తెలిసింది. ఓ రైతు మిరపతోటలో ఆకులు ముడుచుకుంటే గట్టు మీద నుంచే చూసి తామరపురుగు అని మందు రాసిచ్చా. వారం తర్వాత మళ్ళీ వెళ్తే ఆ పెద్దాయన ఓ ఆకు కోసి నా చేతిలో పెట్టి "సారూ, తామరపురుగైతే పైకి గదా ముడిచేది, ఇది కిందికి ముడిచింది, కాడ కూడా సాగింది, నల్లి కాదంటారా?" అన్నాడు. నల్లే, మంచంలో ఉండే నల్లి కాదు, ఆకు అడుగున ఉండే సన్నటి మైట్. పురుగు మందుకి అది చావలేదు, ఆయన డబ్బులు పోయినయ్. తిట్టినా బాగుండేది, మజ్జిగ ఇచ్చి పంపించాడు.

ఇంకోటి, పుస్తకంలో లెక్కంతా హెక్టారుకి ఇన్ని కిలోల నత్రజని అని ఉంటది, రైతు అడిగేది ఎకరానికి ఎన్ని కట్టలు అని. ఇప్పుడు యూరియా కట్ట 45 కిలోలు, అందులో నత్రజని 46 శాతం, అంటే కట్టకి 20 కిలోల పైచిలుకు. హెక్టారుకి 120 కిలోలంటే ఎకరానికి 48, రెండు కట్టలు, పైన ఇంకో మూడోవంతు కట్ట పడుద్ది, డీఏపీ కూడా వేస్తే అందులో 18 శాతం ఉంటది కాబట్టి యూరియా ఆ మేరకు తగ్గించాలి. ఈ లెక్క గట్టు మీద నిలబడి నోటితో వచ్చేదాకా ప్రాక్టీస్ చెయ్.

ఇంగ్లీషుకి భయపడకు, పేర్లు రెండు నెలల్లో అలవాటవుతాయి. జెనెటిక్స్, స్టాటిస్టిక్స్ మాత్రం ఏ రోజుది ఆ రోజు చదువు, అవి ముందురోజు రాత్రి కూర్చుంటే వచ్చేవి కాదు. అటెండెన్స్ జాగ్రత్త. పీజీ అనుకుంటే మొదటి సెమిస్టర్ నుంచే గ్రేడ్ కాపాడుకో. బ్యాంకులో ఫీల్డ్ ఆఫీసరా, డిపార్ట్‌మెంటా, సీడ్ కంపెనీయా అన్నది థర్డియర్‌లో చూసుకోవచ్చు.

ఫైనలియర్‌లో రావెప్ అని పల్లెలో ఉంచుతారు. అక్కడ ఊరి మ్యాప్ నేల మీద రంగులతో ముగ్గులా వేయిస్తారు. మీరే ముందు చక్కగా గీసేసి ఫొటో దిగి రాకండి, సుద్దపిండి ఊళ్ళోవాళ్ళ చేతికివ్వండి. మేం గీసినదాంట్లో ఓ ముసలామె వచ్చి చెరువు తూముని కాలితో చెరిపేసి అవతలి గట్టున పెట్టింది, ఆ తర్వాత గంటసేపు ఏ పొలానికి నీళ్ళు రావో, ఎందుకు రావో చెప్తానే ఉంది, మా రిపోర్ట్‌లో పనికొచ్చిన ముక్క అదొక్కటే.

నా పాత భూతద్దం నాన్నతో పంపిస్తున్నా, పది రెట్లు పెద్దగా చూపిస్తది, నల్లి చక్కగా కనపడుద్ది. తాడు పాతబడిపోయింది, మార్చుకో. ముందు ఆకు తిప్పి అడుగున చూడు.

బాబాయ్