పాత లోగోలో ఏది ఉంచాలి, ఏది తీసివేయాలి?

ప్రశ్న: మేము 15 ఏళ్లుగా కుట్టుమిషన్లు బాగుచేసే చిన్న సంస్థను నడుపుతున్నాము. మొదట్లో వేయించిన లోగోలో ఒక కాలిమిషను బొమ్మ, దాని పైన వంపుగా మా సంస్థ పేరు, కింద ఒక నినాదం ఉన్నాయి. బోర్డు మీద బాగానే ఉంటుంది గాని ఫోనులో నల్లటి మచ్చలా కనిపిస్తోంది. దాన్ని తీసేసి పూర్తిగా కొత్తది చేయిద్దామని మా అబ్బాయి అంటున్నాడు. అలా చేస్తే పాత ఖాతాదారులు మమ్మల్ని గుర్తుపట్టరేమోనని నా భయం. మీ సలహా ఏమిటి?

జవాబు: మీ అబ్బాయి గమనించిన లోపం నిజమే, మీ భయమూ న్యాయమైనదే. మీరు పంపిన ప్రతిని పెద్దది చేసి చూశాను. చక్రంలోని ఆకులు, తొక్కుడు పలక మీది నగిషీ, సూదిలోంచి దిగే దారం, మిషను కింద బూడిదరంగు నీడ, అన్నీ వెంట్రుకవాసి గీతలతోనే గీశారు. బొమ్మ చిన్నదయ్యేకొద్దీ ఆ గీతల మధ్య ఉన్న ఖాళీలు ముందుగా మూసుకుపోతాయి. వెబ్‌సైటు ట్యాబులో కనిపించే గుర్తుకు ఒక్కోసారి 16 పిక్సెళ్ల వెడల్పు, అంతే ఎత్తు దక్కుతుంది. అంటే మొత్తం 256 చుక్కల్లో మీ మిషను ఇమడాలి. దీనికి బొమ్మను సరళం చేస్తే చాలు, గుర్తునే మార్చవలసిన పని లేదు.

అయితే డిజైనర్ దగ్గరకు వెళ్లేముందు ఒక పని చేయండి. తరచుగా వచ్చే ఖాతాదారులు కొందరికి కాగితం, పెన్సిలు ఇచ్చి, మీ లోగోను చూడకుండా గీయమనండి. “కొత్తది నచ్చిందా?” అని అడిగితే మొహమాటానికి బాగుందంటారు గాని, చేతితో గీసేటప్పుడు మనసులో నిలిచినదే కాగితం మీదికి వస్తుంది. నీడను గీసేవారు ఉంటారని నేననుకోను. ఎక్కువమంది గీసినది చక్రం కావచ్చు, పేరు తిరిగిన వంపు కావచ్చు. రంగు అడిగితే అందరూ ఒకటే చెప్పవచ్చు. ఇన్నేళ్లలో మీరు సంపాదించుకున్న గుర్తింపు అదే కనుక దాన్ని కదిలించకండి, మిగతాదాన్ని నిర్మొహమాటంగా తగ్గించండి.

1976లో ఆపిల్ సంస్థ మొదటి లోగో, చెట్టు కింద కూర్చున్న న్యూటన్ బొమ్మతో, మీ లోగోకన్నా సన్నని గీతలతో నిండి ఉండేది. మరుసటి ఏడాది రాబ్ జానాఫ్ గీసిన కొత్త గుర్తులో పండు ఒక్కటే మిగిలింది; చిన్న సైజులో చెర్రీ పండని పొరబడకుండా దానికి కొరికిన గుర్తు పెట్టానని ఆయన చెప్పారు. మాస్టర్‌కార్డ్ 2016లో తన రెండు వలయాలు కలిసేచోట ఉన్న అడ్డగీతలను తీసివేసింది గాని వలయాలను, వాటి రంగులను వదులుకోలేదు. దీనికి భిన్నంగా గ్యాప్ అనే దుస్తుల సంస్థ 2010 అక్టోబరులో, ఇరవై ఏళ్లకు పైగా అందరికీ తెలిసిన నీలి చతురస్రాన్ని ఒక మూలకు కుదించి కొత్త లోగో ప్రకటించింది. నిరసనలు రావడంతో దాదాపు వారంలోనే పాతదానికి తిరిగి వెళ్లింది.

మీ విషయంలో నినాదాన్ని లోగో నుంచి వేరు చేయడం తప్పనిసరి. పేరు తెలుగులో ఉంది కనుక వంపు గురించి కూడా ఆలోచించాలి. అక్షరాలు విల్లులా పైకి వంగినప్పుడు వాటి కింది భాగాలు దగ్గరకు జరుగుతాయి. మన ఒత్తులు ఉండేది అక్కడే కనుక అవి పక్క అక్షరాన్ని తాకి చదవడానికి ఇబ్బంది పెడతాయి. ఖాతాదారులు వంపును గుర్తుపెట్టుకుని ఉంటే దాన్ని కాస్త చదును చేసి అక్షరాల మధ్య ఎడం పెంచమనండి, లేకపోతే పేరును నేరుగా ఒకే వరుసలో పెట్టండి. రంగులు వేయకముందే నలుపు తెలుపుల్లో చూపమని డిజైనర్‌ను అడగండి. రబ్బరు స్టాంపు మీద నిలవని బొమ్మను రంగు కాపాడలేదు.

ప్రశ్న: లోగో పూర్తయ్యాక మాకు జేపీజీ ఫైలు ఒక్కటే ఇచ్చారు. అది చాలుతుందా?

జవాబు: చాలదు. జేపీజీ చుక్కలతో ఏర్పడిన బొమ్మ కాబట్టి బోర్డు సైజుకు సాగదీస్తే అంచులు చెదురుతాయి. ఎంత పెంచినా చెదరని వెక్టర్ ఫైలును, ఎస్‌వీజీ గాని పీడీఎఫ్ గాని, అడిగి తీసుకోండి. తెరకు ఆర్‌జీబీ, ముద్రణకు సీఎంవైకే రంగుల విలువలు విడివిడిగా రాయించుకోండి. లేకపోతే తెర మీద మెరిసే నీలం కాగితం మీద మందగిస్తుంది. వాడిన ఫాంటుకు వాణిజ్య అనుమతి ఉందో లేదో, లోగో హక్కులు మీకే చెందుతాయో లేదో లిఖితపూర్వకంగా తేల్చుకోవాలి. పాత లోగో ట్రేడ్‌మార్కుగా నమోదై ఉంటే, గణనీయమైన మార్పుకు చాలా దేశాల్లో కొత్త దరఖాస్తు అవసరమవుతుంది. అందుకే బోర్డు రాయించకముందే ఆ సంగతి న్యాయవాదితో మాట్లాడండి.