ముందు వర్క్‌షాపు చూడండి

బాలానగర్,
దసరా మర్నాడు

చిట్టీ,

నిన్న పండగపూట అందరి ముందూ మాట్లాడటం బాగుండదని ఊరుకున్నాను. మీ అబ్బాయి చదువు మాట వచ్చి, మీ అత్తగారు "ఐటీఐ మన ఇంటా వంటా లేదు" అనగానే నువ్వు తల దించుకున్నావు. నేను చదివింది అదేనమ్మా. మల్లేపల్లి ఐటీఐలో ఫిట్టర్, అంటే ఇనుప భాగాలను కొలతకు రుద్ది బిగించే పని, రెండేళ్లు. ఆవిడ మర్చిపోయి అన్నారో, గుర్తుండే అన్నారో గానీ, ఆ రెండేళ్ల చదువే నాకు ముప్పై ఏళ్లు అన్నం పెట్టింది.

అసలు సంగతికొస్తాను. బాబు నాకు ఫోన్‌లో ఓ ప్రకటన చూపించాడు. రోబోటిక్స్ డిప్లొమా అట, ఏడాదట, నూటికి నూరు శాతం ఉద్యోగమట. వాడి కళ్లు ఆ పేరు మీదే ఉన్నాయి. వాణ్ని తప్పుపట్టను. నేనూ ఓసారి పేరు చూసే మోసపోయాను. అప్పుడు ఫ్యాక్టరీలకు సీఎన్‌సీ మిషన్లు, అంటే కంప్యూటర్‌తో నడిచేవి, కొత్తగా వస్తున్నాయి. అది నేర్చుకుంటే జీతం పెరుగుతుందని అమీర్‌పేటలో ఓ చోట సాయంత్రం క్లాసులకు చేరాను. ఫీజు కోసం మా ఆవిడ, అదే మీ అత్తయ్య, గాజులు తాకట్టుకెళ్లాయి. అక్కడున్నది ఒక్కటే మిషను, దానికెప్పుడూ కవరు కప్పి ఉండేది. నాలుగు నెలల్లో దాన్ని ముట్టుకున్నది ఒక్క పూట. సర్టిఫికెట్ మటుకు బంగారు రంగు అంచుతో ఇచ్చారు. మా ఫోర్‌మన్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నవ్వి, తిరిగి నా చేతిలో పెట్టాడు. ఆ నవ్వు ఇప్పటికీ గుర్తే.

అందుకే చెబుతున్నాను. కోర్సు పేరు, బిల్డింగు, బయట బ్యానరు పక్కన పెట్టండి. ముందు వర్క్‌షాపు లోపలికి వెళ్లి చూడండి. వాళ్లు చూడనివ్వం అంటే ఇక ఆ గడప తొక్కొద్దు. లోపలికి వెళ్లాక బెంచీకి ఇనుమును బిగించి పట్టే వైస్‌లు ఎన్ని ఉన్నాయో, పిల్లలెందరో లెక్కపెట్టు. ఇనుమును తిప్పుతూ చెక్కే లేత్ మిషను కింద చూడు. ఇనుప రజను, నూనె మరకలు ఉంటే అది నడిచే మిషను. దుమ్ము ఉంటే తనిఖీ వాళ్ల కోసం పెట్టింది. పిల్లల గోళ్లు నల్లగా ఉన్నాయా, తెల్లగా ఉన్నాయా చూడు. నవ్వకు, ఇది నేను నిజంగా చూసే గుర్తు. మెటీరియల్ ఎవరిస్తారని కూడా అడుగు. ఇనుప ముక్క సంస్థ ఇవ్వకపోతే పిల్లాడు వారమంతా నోట్సే రాస్తాడు. గేటు బయట చాయ్ బండి అతన్ని అడిగినా చాలు, పిల్లలు రోజూ వస్తారో పరీక్షలకే వస్తారో అతనికి బాగా తెలుస్తుంది.

ప్రైవేటు ఐటీఐ అయితే ఇంకొకటి చూడాలి. కేంద్ర ప్రభుత్వ గుర్తింపు, జనం ఎన్‌సీవీటీ అనేది, సంస్థ మొత్తానికి గంపగుత్తగా రాదు, ఒక్కో ట్రేడుకు, అంటే ఒక్కో పని కోర్సుకు, విడివిడిగా ఉంటుంది. ఎలక్ట్రీషియన్‌కు ఉన్న కాగితం చూపించి వేరే ట్రేడులో చేర్చుకునేవాళ్లుంటారు. వాడు చేరే ట్రేడు పేరు ఆ కాగితంలో ఉందో లేదో నీ కళ్లతో చదువు.

ఇక దారుల గురించి. పది తర్వాత పాలిసెట్ రాస్తే మూడేళ్ల పాలిటెక్నిక్ డిప్లొమా. మాసాబ్ ట్యాంక్‌లో ఒకటుంది, రామంతాపూర్‌లో ఒకటుంది. అది అయ్యాక ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్, టర్నర్ రెండేళ్లు, వెల్డర్ ఒక్క ఏడాది. రెండేళ్ల ఐటీఐ చేసినవాళ్లు ఎల్‌పీసెట్ రాసి డిప్లొమా రెండో ఏడాదిలోకి వెళ్లొచ్చు. అంటే ఐటీఐలో చేరితే చదువు అక్కడితో ఆగిపోతుందని మీ అత్తగారు అనుకుంటే అది తప్పు. మా ఇంటికి కూతవేటు దూరంలో పనిముట్ల తయారీ నేర్పే కేంద్ర సంస్థ సీఐటీడీ ఉంది, 1968లో పెట్టారు. పది పాసయినవాళ్లకు అక్కడ టూల్, డై, మౌల్డ్, అంటే పనిముట్లు, అచ్చుల తయారీలో నాలుగేళ్ల డిప్లొమా ఉంది. దానికీ ప్రవేశ పరీక్ష ఉంటుంది. నాకు మనవడుంటే అక్కడికే పంపేవాణ్ని. కాస్త పక్షపాతం ఉందనుకో.

రోబోలే కావాలంటే దానికీ మల్లేపల్లికే వెళ్లనీ. 2024లో టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ప్రభుత్వ ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పనికి అక్కడే శంకుస్థాపన చేశారు. కానీ ఒక్క మాట. మొదటి నెలల్లో మా చేత ఆకురాయితో ఇనుప దిమ్మను రుద్దించేవారు. నాలుగు పక్కలూ మూలమట్టానికి సరిపోవాలి. వర్నియర్ అనే కొలత పరికరం పెడితే 0.02 మిల్లీమీటర్ల తేడా కూడా బయటపడుతుంది. చేతులు కాయలు కాసి, రాత్రి ముద్ద కలుపుకోవడానికి కూడా వేళ్లు వంగేవి కావు. ఇద్దరు పిల్లలు పారిపోయారు కూడా. ఆ రుద్దుడులోనే కొలత అంటే ఏమిటో ఒంటికి పట్టింది. రోబో చెయ్యి ఎక్కడ ఆగాలో చెప్పేవాడికీ ఆ కొలత తెలిసుండాలి.

ఐటీఐ అయ్యాక అప్రెంటిస్‌షిప్, అంటే ఫ్యాక్టరీలో పనిచేస్తూ నేర్చుకోవడం, వదలొద్దు. బీహెచ్ఈఎల్, రైల్వే, ఆర్టీసీ లాంటి చోట్ల తీసుకుంటారు. స్టైపెండ్ తక్కువే, ఇల్లు గడవదు. అయినా అసలు చదువు నాకు అప్పుడే వచ్చింది.

ఇప్పుడు అల్లుడుగారి సంగతి. కొట్టు మూసేశాక మనిషి నీరసపడ్డాడు, నేను గమనించాను. ముప్పై ఎనిమిదేళ్లకు ఏం నేర్చుకుంటానండీ అన్నాడు. ఐటీఐకి పద్నాలుగేళ్లు నిండాలన్నదే నియమం, పైన హద్దు లేదు. పది తప్పానన్న బాధా వద్దు. వెల్డర్ లాంటి కొన్ని ట్రేడులకు ఎనిమిదో తరగతి చాలు, పది కావాలంటే ఓపెన్ స్కూల్‌లో రాసుకోవచ్చు. అయితే ఇల్లు నడపాల్సిన మనిషి రెండేళ్లు పగలంతా కూర్చోలేడు. అలాంటివాళ్లకు పొట్టి కోర్సులే దిక్కు. జంట నగరాల్లో పనిలేని వాళ్ల కోసమే 1978లో సెట్విన్ పెట్టారు. మాదాపూర్‌లో నిర్మాణ పనులకు న్యాక్ ఉంది. రెండు చోట్లకీ స్వయంగా వెళ్లి, ఇప్పుడు ఏ బ్యాచ్ మొదలవుతుందో కనుక్కోమను.

ఏసీ పని మీద ఆయనకు మనసుంది. మంచిదే, మన ఎండలకు పనికి కరువుండదు. కానీ ఎవరి వెనకో నిచ్చెన మోస్తూ నేర్చుకుంటే సగమే వస్తుంది. గ్యాస్ నింపేముందు పైపుల్లో గాలి, తేమ పోయేదాకా వాక్యూమ్ పంపు పెట్టాలి. టైము లేదని చాలామంది ఆ మెట్టు దాటేస్తారు, తర్వాత కంప్రెసర్ దెబ్బతింటే కంపెనీని తిడతారు. పైగా ఇప్పటి చాలా ఏసీల్లో ఆర్32 గ్యాసు, అది అంటుకునే రకం. ముందు కరెంటు పని, ఎర్తింగుతో సహా సరిగ్గా నేర్చుకుని, ఆ తర్వాత గ్యాసు జోలికి వెళ్లమను. మొదటి ఏడాది డబ్బు పెద్దగా కనపడదు. నీ కుట్టుమిషనే ఇల్లు లాగాలి. ఆ మాట ముందే ఇద్దరూ కూర్చుని అనుకోండి. మా ఇంట్లో అనుకోలేదు, గాజుల గొడవ పదేళ్లు నడిచింది.

వచ్చే శనివారం బాబును నా దగ్గరికి పంపు. ఇక్కడ తెలిసినవాళ్ల డై షాపు ఉంది, పొద్దున్నుంచి సాయంత్రం దాకా అందులో ఉంచుతాను. సాయంత్రానికి వాడికి విసుగు పుడుతుందో, ఇంకాసేపు ఉంటానంటాడో చూసి, రాత్రికి నీకు ఫోన్ చేస్తాను. చెప్పులతో పంపకు. లేత్ నుంచి వేడి రజను రాలుతుంది, బూట్లు వేసుకోమను.

మామయ్య